అత్తమ్మ నాటిన అడ్డసరం

మా అత్తమ్మ రాధమ్మ ఎవరినీ ఊరికే నమ్మదు. పాలవాణ్ని నమ్మదు, పాల ప్యాకెట్టును అంతకన్నా నమ్మదు. కాజీపల్లిలో మా గుమ్మం ముందు కొత్త మనిషి నిలబడితే ముందు చెప్పులు చూస్తుంది, తరువాతే ముఖం చూస్తుంది. చెప్పులకు మన్నుంటే ఊరివాడు, శుభ్రంగా ఉంటే భూముల బేరగాడు అని ఆమె లెక్క. "నమ్మి చెడినోళ్ళు లేరంటరు గద అత్తమ్మా" అని నేనొకసారి అంటే, "గా మాట అన్నోడు భూమి అమ్మి ఉండడు" అంది. మా మామ మొగులయ్య అప్పుడు అన్నం తింటున్నాడు. తల ఎత్తలేదు.

నా పేరు నిషిత. ఈ ఇంటికి కోడలిగా వచ్చి ఏడేళ్ళయింది. ఊరి పక్కనే ఒక మందుల కంపెనీలో క్వాలిటీ విభాగంలో పని చేస్తాను. అంటే, అనుమానించినందుకే నాకు జీతమిస్తారు. లేబుల్ లేని సీసాను నేను ముట్టను. ఎవరు తెచ్చారు, ఎప్పుడు తెచ్చారు, ఎవరు మూత తీశారు అన్నది కాగితం మీద లేకపోతే, నా లెక్కలో ఆ సీసా లేనట్టే. జీతం తీసుకుని అనుమానించే కోడలు, జీతం లేకుండానే అనుమానించే అత్త ఒకే ఇంట్లో ఉంటే మగవాళ్ళు మాటలు తగ్గించుకుంటారు. నా భర్త శ్రావణ్‌కుమార్ సుల్తాన్‌పూర్ నుంచి డ్యూటీ దిగి వచ్చి, మా ఇద్దరి మొహాలు చూసి, ఏ గదిలోకి వెళ్ళాలో తేల్చుకునేవాడు.

మొక్కల గొడవ మా పాప హరిచందన దగ్గుతో మొదలైంది. పాపకు ఐదేళ్ళు. దీపావళి వచ్చిందంటే చాలు, ఎండాకాలం దాకా దగ్గు వదలదు. సిరప్ తాగిస్తే దగ్గు తగ్గుతుంది, పాప కూడా తగ్గుతుంది. బడిలో బల్ల మీద తల పెట్టి నిద్రపోతుంది. టీచరు రెండుసార్లు పిలిచి చెప్పింది. కిందటి చలికాలమంతా అలాగే గడిచింది. ఈసారి అలా గడవకూడదని మేమిద్దరం అనుకున్నాం. అత్తాకోడళ్ళం ఏకమైన మాట ఏడేళ్ళలో అదొక్కటే.

"అడ్డసరం ఆకు, వాము ఆకు, జెర తులసి. కషాయం కాచి తేనెల కలిపి పోస్తే పిల్ల నిమ్మళంగ ఉంటది" అంది అత్తమ్మ. "అంగడిల దొరుకుతది గద" అన్నాను. "అంగడోడు ఏ మురికి మోరీ పక్కన కోసిండో నీకెర్కనా?" అంది. అలా మా ఇంటి వెనక జాగాలో తోట పెట్టాలని తేలింది.

జూన్‌లో మొదటి వానలు పడ్డాక ముత్తంగి దారిలో ఉన్న నర్సరీకి ఆమెను స్కూటీ మీద తీసుకెళ్ళాను. నర్సరీ కుర్రవాడు హుషారుగా రంగు రంగుల గులాబీలు చూపించాడు. అత్తమ్మ ఒక పువ్వు ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన లేదు. గింత అందం వెట్టి వాసన ఎందుకు వెట్టలే? ఇందుల ఏదో మోసమున్నది" అంది. "హైబ్రిడ్ అమ్మా" అన్నాడు వాడు. "అదే అంటున్న" అంది. గన్నేరు చూపిస్తే నాలుగడుగులు వెనక్కి నడిచి, "ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది. దాని పాలు నోట్లె వడితే ఎవ్వలు జవాబు చెప్తరు?" అని వాణ్ని కసిరింది. మల్లె తీసుకుంది. కనకాంబరం తీసుకుంది. నందివర్ధనం కంటికి మంచిదని తీసుకుంది. మందారంలో ఎర్రది, ఒంటి రెక్కలది మాత్రమే తీసుకుంది. ముద్దమందారం పువ్వు లోపల ఏ పురుగున్నా బయటికి కనపడదట.

అసలు పరీక్ష అడ్డసరం దగ్గర పెట్టింది. కుర్రవాడు మొక్క చేతికిస్తే ఆకు తుంచి నలిపి వాసన చూసింది. వెలుతురుకు పట్టి ఈనెలు చూసింది. తరువాత ఆ ఆకును వాడికే ఇచ్చి, "నువ్వు నములు తమ్మీ" అంది. వాడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. వాడు నమిలి, మొహం వంకర చేసి, "చేదు విషం అమ్మా" అన్నాడు. "ఆఁ, గట్లయితే అడ్డసరమే" అని ఒక మొక్క సంచిలో పెట్టుకుంది. వాము ఆకు, తులసి, నేలవేము కూడా తీసుకుంది. సిగ్గుతో నేను స్కూటీ దగ్గరికి ముందే వెళ్ళి నిలబడ్డాను.

ఇంటికొచ్చాక ఇంకో చిక్కు. ఇల్లు కట్టినప్పుడు వెనక జాగా పల్లంగా ఉందని టిప్పర్లతో మన్ను పోయించారు. ఆ మన్ను ఏ గుంతలోదో ఎవరూ అడగలేదు. అత్తమ్మ ఇప్పుడు అడిగింది. పదేళ్ళ కిందటి టిప్పరు డ్రైవరు పేరు మా మామకు గుర్తులేదు. దాంతో ఆమె ఒక నియమం పెట్టింది. "నోట్లె వోయేది ఈ మన్నుల పెట్ట. దేవునికి వోయేది, కొప్పుల వెట్టుకునేది పెడ్త." దేవుడికైతే ఫరవాలేదా అని శ్రావణ్ అడిగితే, "దేవుడు తింటడా ఏంది? వాసన సూస్తడు" అని కొట్టిపారేసింది. పూల మొక్కలన్నీ నేలలోకి వెళ్ళాయి. ఆకు మొక్కల కోసం కంది అవతల ఉన్న తన పుట్టింటి చేను నుంచి ఆరు బస్తాల మన్ను ఆటోలో తెప్పించింది. బోరు నీళ్ళు పువ్వులకు, క్యాను నీళ్ళు ఆకులకు. ఆ మన్ను పోయడానికి పెద్ద తొట్లు మాత్రం లేవు.

"తొట్లు నేను తెస్త" అన్నాను. ఆ మాట నేనే అన్నాను. ఎవరూ అడగలేదు.

మా దగ్గర నీలం డ్రమ్ములు లేని ఇల్లుండదు. కంపెనీల్లో ఖాళీ అయిన వాటిని కొందరు నీళ్ళకు పెట్టుకుంటారు, కొందరు బియ్యం పోసుకుంటారు. ఖాళీ డ్రమ్ముకు బొక్క కొట్టి తుక్కుకే పంపాలని నియమం. నాకు ఆ నియమం బాగా తెలుసు. అయినా స్టోర్స్‌లో పనిచేసే ఐలన్నను అడిగాను. చక్కెర పాకం వచ్చే డ్రమ్ములు రెండు కావాలన్నాను. మర్నాడు సాయంత్రం ట్రాలీలో రెండు డ్రమ్ములు ఇంటికొచ్చాయి. లేబుల్ చింపిన చోట జిగురు మరక ఉంది. అది నేను చూశాను. చూసి ఊరుకున్నాను.

అత్తమ్మ వాటిని వెంటనే కడగనివ్వలేదు. మూతలు తీసి జామచెట్టు మొదట్లో, చీమల బారు పక్కన పడుకోబెట్టింది. మూడు రోజులు పొద్దున, సాయంత్రం వంగి చూసింది. నాలుగో రోజు వంటింట్లోకి వచ్చి నా పక్కన నిలబడింది.

"చక్కెర పాకమంటివి. ఒక్క చీమ రాలే. చక్కెరకు చీమలెందుకు రాలే పిల్లా?"

"కంపెనీల కడిగే ఇస్తరు అత్తమ్మా."

కడిగారో లేదో నాకు తెలియదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మరో మాట కూడా కలిపాను. "నేను రోజూ చేసే పనే గిది. నీకంటే నాకు ఎక్కువ ఎర్క." ఆమె చింతపండు ఉండ తీసుకుని బయటికి వెళ్ళింది. చింతపండుతో ఒక రోజు, బూడిదతో ఒక రోజు, ఉప్పుతో ఒక రోజు కడిగింది. వారం రోజులు ఎండబెట్టింది. శ్రావణ్ వాటిని అడ్డంగా కోసి నాలుగు తొట్లు చేసి, అడుగున తూట్లు పెట్టాడు. అడ్డసరం, వాము ఆకు, తులసి, నేలవేము నాలుగింటిలో నాలుగు నాటింది.

ఆ వానాకాలం అడ్డసరం నడుమెత్తు పెరిగింది. దసరా దాటింది. దీపావళి రాగానే హరిచందన దగ్గు మొదలుపెట్టింది. నేను గిన్నె కడిగి పెట్టుకుని, "ఇగ కాస్తవా అత్తమ్మా?" అన్నాను.

"ఆకు ఇంకా ముదరలే" అంది.

వారం తరువాత అడిగితే అదే మాట. ఇంకో వారానికి, "గిప్పుడే ఏం తొందర?" అంది. పాప దగ్గీ దగ్గీ అన్నం కక్కుకున్న రోజు కూడా సిరప్ సీసానే చేతికిచ్చింది. ఆకులేమో అరచేయంత ఉన్నాయి. ముదరని ఆకు ఎలా ఉంటుందో నాకు తెలియదా? ఇందులో ఏదో మతలబు ఉందని నాకు గట్టిగా అనిపించింది. ఒకసారి అనిపించాక ఆగేదాన్ని కాదు నేను.

మొక్క దగ్గరికి వెళ్ళి చూశాను. కింది కొమ్మలకు తొడిమెలు తెగి ఉన్నాయి. ఎవరో కోస్తున్నారు. ల్యాబ్ నుంచి మార్కర్ తెచ్చి, ఆకుల అడుగున చిన్న చిన్న చుక్కలు పెట్టాను. చుక్కలు పెట్టిన ఆకులు రోజుకు మూడు చొప్పున మాయమయ్యాయి. వాము ఆకు కూడా రెండు పోతున్నాయి. స్నానాల గది వెనక గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు కూడా కనిపించాయి. పాల ప్యాకెట్ల లెక్కేమో అనుకుని అప్పటికి వదిలేశాను.

నా అనుమానం మా ఆడబిడ్డ రవళి మీదికి పోయింది. రవళి పటాన్‌చెరులో ఉంటుంది. దాని కొడుక్కీ జలుబే. ప్రతి ఆదివారం వచ్చి తల్లి దగ్గర నుంచి ఒక కవర్ పట్టుకుని పోతుంది. కూతురి పిల్లాడికి ముదిరిన ఆకు నా పిల్ల దగ్గరికి వచ్చేసరికి ముదరలేదా? ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర మార్కర్ ఉండదు కదా అనుకున్నాను. ఆదివారం రవళి చెప్పులు వేసుకుంటుంటే కవర్ మోసే వంకతో తీసుకుని లోపలికి తొంగి చూశాను. కనకాంబరాలు, నాలుగు ఎర్రమందారాలు, గోరింటాకు. ఒక్క అడ్డసరం ఆకు లేదు. రవళి నా మొహం చూసి, "ఏంది వదినా, తనిఖీనా?" అని నవ్వింది. నేనూ నవ్వాను గానీ మంట తగ్గలేదు. రవళి కాకపోతే ఇంకెవరు?

మంగళవారం పొద్దున ఐదున్నరకు లేచి వెనక తలుపు సందులోంచి చూశాను. అత్తమ్మ వచ్చింది. అటూ ఇటూ చూసి మూడు ఆకులు అడ్డసరం, రెండు వాము ఆకు తుంచి కొంగులో వేసుకుంది. స్నానాల గది వెనక కట్టెల పొయ్యి మీద చిన్న గిన్నె పెట్టింది. మరిగాక గ్లాసులోకి వంచి, ముక్కు మూసుకుని తాగడం మొదలుపెట్టింది.

నా పిల్ల లోపల దగ్గుతోంది. ఈమె ఇక్కడ దాక్కుని కషాయం తాగుతోంది. ఒళ్ళు మండిపోయింది. తలుపు ధడాలున తీశాను.

"ఓహో! పోరికి ముదరని ఆకు నీకు ముదిరిందా అత్తమ్మా?"

ఆమె ఉలిక్కిపడి గ్లాసు కొంగు కిందికి తీసుకుంది. "నీకేందే గింత పొద్దుగాల?" అంది.

"ఎన్నొద్దుల సంది నడుస్తున్నది గిది?"

ఆమె మాట్లాడకుండా గోడ వైపు చూపించింది. బొగ్గు గీతలు. "ఇయ్యాల్టికి ఇరవై ఆరు" అంది.

"ఇరవై ఆరు దినాల సంది నీ నోటికి..."

"నోరు మూసి ఇను" అంది అత్తమ్మ. "నువ్వు చక్కెరన్నవు. చీమ రాలే. డ్రమ్ముల ఏముండెనో నీకు ఎర్క లేదు, నాకూ ఎర్క లేదు. కరువు పడ్డ ఏడాది జొన్న పిలకలు విషమెక్కుతయి. మా నాయిన గవి ముందుగాల పాడి బర్రెకు ఏస్తుండెనా? ముసలెద్దుకు గుప్పెడు ఏసి, పొద్దుగూకేదాంక దాని పక్కనే కూసుంటుండె. ఎద్దు బాగుంటెనే బర్రెకు. ఈ ఇంట్ల ముసలెద్దును నేనే గద. మందుకు మండలం అంటరు. నలభై దినాలు నేను తాగి బాగుంటే పిల్లకు పోస్త."

తలుపు వదిలి పొయ్యి దగ్గరికి వెళ్ళాను.

"మరి నాకెందుకు చెప్పలే?" అన్నాను.

"ఏమని చెప్పాలె? తెచ్చిన చెయ్యి నీదాయె. పోరికి విషపు డ్రమ్ము తెచ్చినవని నీ మొహం మీద అనాల్నా? మండలం నిండినంక ఏం కాకుంటే అసలు ఆ మాటే ఉండకపోవు." గ్లాసు అడుగున మిగిలింది కూడా తాగబోయింది. నేను లాక్కుని మోరీలో పారబోశాను.

ఆ పూట డ్యూటీకి వెళ్ళి, ముందు స్టోర్స్‌లోకే పోయాను. ఐలన్న టీ తాగుతున్నాడు.

"ఐలన్నా, జూన్‌ల నాకిచ్చిన డ్రమ్ములల్ల ఏముండె?"

"చక్కెర పాకం గద మేడం."

"లేబుల్ సూసినవా?"

అతను టీ గ్లాసు కింద పెట్టాడు. "లేబుల్ లేకుండె మేడం. పాకం డ్రమ్ములు నీలమే, వేరే కెమికల్ డ్రమ్ములు కూడ నీలమే. అన్ని ఒక్క కాడనే ఉంటయి. మీరు జల్దీ కావాలన్నరు. ముందలున్నయి పంపిన." తరువాత కాస్త బెదురుగా, "ఏమైంది మేడం, పరేషానేమన్న ఉన్నదా?" అన్నాడు.

అతన్ని ఏమని తిట్టను? కంపెనీలో ప్రతి సీసాకూ లేబుల్ అడిగేదాన్ని, నా ఇంటికి తెచ్చిన దానికి మాత్రం జల్దీ అన్నాను. సగం పూట సెలవు పెట్టి ఇంటికి వచ్చేశాను. దారంతా ఆ ఇరవై ఆరు గీతలే కళ్ళలో మెదిలాయి. పాప నోట్లోకి ఒక్క చుక్క కూడా పోలేదన్నది ఒక్కటే ఊరట. ఆ ఊరట ఎవరి వల్ల దక్కిందో తలచుకుంటే తల ఎత్తలేకపోయాను.

చెప్పులు కూడా విడవకుండా వెనక జాగాలోకి వెళ్ళి అడ్డసరం మొదలు పట్టుకుని లాగాను. రాలేదు. రెండు చేతులతో లాగితే వేళ్ళతో సహా వచ్చింది. తులసికి దండం పెట్టుకుని పీకాను. అత్తమ్మ చీపురు పారేసి పరుగెత్తుకొచ్చింది.

"నీకు మతి గిట్ల పోయిందా? ఇంక పద్నాలుగు దినాలే ఉండె!"

"డ్రమ్ముల ఏముండెనో ఎవ్వలకూ ఎర్క లేదు అత్తమ్మా. అడిగొచ్చిన."

"గందుకే గద తాగుతున్న!" అని నా చేతిలోంచి మొక్క గుంజుకుంది. "నడుమిట్ల ఆపితే ఇరవై ఆరు దినాలు ఉత్తగ పోయినట్టే గద. మంచిదో చెడ్డదో ఇగ ఎట్ల ఎర్కయితది?"

"ఎర్క కాకున్న మంచిదే. నాకేం ఎర్క కానక్కర్లేదు. నాకు నువ్వుండాలె."

ఈ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. ఏదైనా తేలకుండా వదిలిపెట్టడం నా ఒంట్లో లేదు. ఆ క్షణంలో మాత్రం నిజంగానే నాకేమీ తేలనక్కర్లేదు. గట్టిగా ఏడ్చేశాను. అత్తమ్మ మొక్క పట్టుకుని అలాగే నిలబడి, కొత్త మనిషిని చూసినట్టు నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"నీకు నేనుండాల్నా?" అంది.

"ఉండాలె."

"గీ మాట అనడానికి ఏడేండ్లు వట్టెనా నీకు?" అంది. ఆ తరువాత కొంగుతో ముందు నా మొహం తుడిచింది. ఏడ్చింది ఆమె కూడా, కానీ తన మొహం తుడుచుకోలేదు.

రేపు సంగారెడ్డి దవాఖానకు పోయి రక్తం పరీక్ష చేయిద్దామన్నాను. మామూలుగా అయితే ఆ సూది ఎవరికి వాడిందోనని గంట సేపు వాదించేది. "సరే" అంది.

తొట్లలోని మన్ను ఒక మూలకు కుమ్మరించి, ఖాళీ తొట్టిని గేటు బయట పెడదామని దొర్లించాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"గట్ల వెట్టకు. అద్దగంటల ఎవ్వలో ఒగలు పట్కపోతరు. తూట్లకు ఎంసీల్ ముద్ద వెట్టి నీళ్ళు నింపుకుంటరు. ఆళ్ళిండ్లల్ల పోరలు లేరా?"

గడ్డపార తెచ్చి మొదటి పోటు తనే వేసింది. ప్లాస్టిక్ గట్టిది, గడ్డపార జారింది. నేను అందుకున్నాను. ఒక్కో తొట్టి అడుగు చీలేదాకా పొడిచాను. అత్తమ్మ పక్కనే కూర్చుని, నేను చాలు అన్న ప్రతిసారీ చీలికలో నాలుగు వేళ్ళు పెట్టి చూసి, "ఇంకొక్కటి పొడువు బిడ్డా" అంటూ వచ్చింది.